గోస్తనీ వెంట, అన్నం క్యారేజీతో

పుష్కరాలు వచ్చే పన్నెండు నదుల్లో గోస్తనీ లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి, భీమిలి దగ్గర బంగాళాఖాతంలో కలిసిపోతుంది. దీన్ని నది అనడానికి విజయనగరంలో పుట్టిపెరిగిన మా అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోరు. "గోస్తనీ నదేటమ్మా, ఏరు" అంటారు. పిల్లల్ని వెంటేసుకుని తిరగాలనుకునే నాకు ఆ చిన్నతనమే పనికొచ్చింది. గోదావరిని త్ర్యంబకం నుంచి అంతర్వేది దాకా చూపిద్దామని బయల్దేరితే పిల్లలకి పెళ్ళీడు వచ్చేస్తుంది. గోస్తనీకి కొన్ని ఆదివారాలు, ఒక అన్నం క్యారేజీ చాలు.

కొండ మీదకి రైల్లో వెళ్ళడమే మంచిది. పొద్దున్నే విశాఖలో బయల్దేరే కిరండూల్ పాసింజరు శృంగవరపుకోట దాటాక కొండెక్కుతుంది. సొరంగాలు లెక్కపెడతానని కిటికీ పట్టుకున్న ప్రతి పిల్లాడికీ ఎక్కడో లెక్క తప్పుతుంది, పక్కవాడితో తగువొస్తుంది. బొర్రా స్టేషన్లో దిగేసరికి అందరికీ ఆకలే.

దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న బొర్రా సున్నపురాయి గుహల్ని తొలిచింది నీళ్ళే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని, పలచని ఆమ్లమై, రాతిలో సున్నాన్ని కరిగించుకుంటూ దిగుతుంది. గుహ కప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలేటప్పుడు ఆ సున్నాన్నే పొరలుగా వదిలిపోతుంది. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టేదీ, ఎంత తోమినా పోనిదీ ఇదే పదార్థమంటే మా పెద్దది నమ్మలేదు. పొదుగు ఆకారంలో ఉన్న రాతిని చూపించి ఏరు ఇక్కడే పుట్టిందంటాడు గైడు. గుహ పైనున్న కన్నంలోంచి ఆవు జారిపడిందట. వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి శివలింగం కనిపించిందట, ఆ స్వామే ఆవుని కాపాడాడట. "మరి ఆవు పైకెలా వచ్చింది?" అని చిన్నాడు అడిగాడు. గైడు తర్వాతి రాయి దగ్గరికి నడిచాడు.

బయట బొంగులో చికెన్ కాలుస్తుంటారు. పచ్చి వెదురు బొంగులో ఉప్పూ కారం పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క పడదు, వెదురులో ఉండే తడికే ముక్క ఉడుకుతుంది. ఈమధ్య కొన్ని కొట్లలో మసాలా దట్టించి వెదురు వాసనే తెలియకుండా చేస్తున్నారు. అంత మసాలాకి బొంగెందుకు, మూకుడు చాలు కదా! మా క్యారేజీలో మాత్రం ఆవ పులిహోర ఉంటుంది. నూరిన ఆవముద్ద వేడి తగిలితే చేదెక్కుతుంది కాబట్టి అన్నం పూర్తిగా చల్లారాకే కలపాలి. తెల్లవారుజామున రైలుందంటే ఫ్యాను కింద అన్నం ఆరబోసి కాపలా కాయాల్సిందే.

గోస్తనీ మీదే ఉన్న కటికి జలపాతానికి బొర్రా నుంచి జీపులు తిరుగుతాయి. ఆఖర్న కొంత దూరం నడవాలి. పిల్లలతో నడక అంటే వాళ్ళు ఆగినచోట ఆగడం. జలపాతం హోరు వినబడుతూనే ఉంది, మావాళ్ళు మాత్రం బాట పక్కన జానెడు వెడల్పు పాయలో ఆకుల్ని పడవలు చేసి పందెం వేసుకున్నారు. పదండి పదండి అని తొందరపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. వాళ్ళు ఆడుతున్నదీ నీళ్ళతోనేగా.

కొండ దిగాక గోస్తనీని తాటిపూడి దగ్గర ఆపారు. 1963లో మొదలై 1968కి పూర్తయిన జలాశయం ఇది. చుట్టూ కొండలు, మధ్యలో నిండుగా నీళ్ళు. ఇక్కడి నుంచి విశాఖకి మంచినీళ్ళు వెళ్తాయి. ఆ సంగతి చెప్పాక, వంటింట్లో బియ్యం కడిగిన నీళ్ళని పిల్లలు సింకులో పారబోయనివ్వడం లేదు, మొక్కలకి మోసుకెళ్తున్నారు. దారిలో సగం నేలకే పోతోందనుకోండి.

తిరుగుదారిలో పనసకాయ కొన్నాం. పనసపొట్టు కొట్టడం ఇప్పుడు ఎవరికీ రాదు, బజార్లో కొట్టిన పొట్టు దొరికాక అవసరమూ లేదు. కానీ మా అత్తగారికి కొన్న పొట్టు నచ్చదు. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, చెక్కు తీసి, సన్నగా కొట్టారు. పిల్లలు జిగురు అంటించుకుని గోల చేశారు. పొట్టుని పసుపూ ఉప్పూ వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు, కరివేపాకు దోరగా వేగిన పోపులో వేసి, చింతపండు గుజ్జు కలిపి మగ్గనిచ్చారు. ఆవ మళ్ళీ ఆఖర్నే, పొయ్యి కట్టేశాక. అడవి కాయ అని మొహం తిప్పుకున్న చిన్నాడు రెండోసారి వడ్డించుకున్నాడు.

పద్మనాభం దగ్గర కొండ మీది అనంత పద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లు. 1794 జూలై 10న ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి విజయనగరం రాజు చినవిజయరామరాజు ప్రాణం విడిచింది ఈ పద్మనాభంలోనే. యుద్ధం కథ మెట్లు ఎక్కించడానికి బాగా పనికొస్తుంది. దిగేటప్పుడు ఏ కథా అక్కర్లేదు.

అసలు ఆగాల్సింది తగరపువలస, చిట్టివలసల దగ్గర. హైవే మీద లారీల మోత, పక్కన 2009లో మూతపడ్డ జూట్ మిల్లు. చూడ్డానికి ఎవరూ రాని చోటు. వానలు వెళ్ళిపోయాక ఇక్కడ ఏటిలో కనిపించేది ఇసకే, అదీ తవ్వుకుపోయినంత పోగా మిగిలింది. "నీళ్ళేవి నానమ్మా?" అన్నారు పిల్లలు. "కిందున్నాయి, తవ్వండర్రా" అన్నారామె. మోచేతి లోతు తవ్వేసరికి ఇసక తడిసింది, ఇంకాస్త తవ్వితే బురదనీళ్ళు ఊరాయి. చిన్నాడు చెయ్యి పెట్టబోతే ఆపి, ఆ నీళ్ళని దోసిలితో తోడి పారబోయించారు. మళ్ళీ ఊరినవీ పారబోయించారు. అలా చేస్తూ పోగా చెలమలో నీళ్ళు తేటపడ్డాయి. తన చిన్నప్పుడు ఎండాకాలం వస్తే బిందెలతో ఇలాగే చెలమల దగ్గర వంతు కోసం కూర్చునేవాళ్ళమనీ, చెలమ ఎవరు తవ్వితే వాళ్ళదేననీ చెప్పారు. ఆ మాట వినగానే ఇద్దరూ చెరొకటి తవ్వుకుని హద్దులు గీసుకున్నారు. గోస్తనీ గర్భంలో ఊటబావులు వేసి భీమిలికీ విశాఖకీ నీళ్ళు తోడే పద్ధతి కూడా చెలమ పద్ధతే: ఇసక వడకడుతుంది, మనిషి తోడుకుంటాడు. ఇసకే పోతే వడకట్టేదీ పోతుంది, నీళ్ళని నిలిపి ఉంచేదీ పోతుంది. పిల్లలకి నేను ఇది విడమర్చి చెప్పలేదు, గట్టు కూలిన గుంత పూడిపోవడం వాళ్ళే చూశారు.

భీమిలి 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. అంతకుముందు డచ్చివాళ్ళు వ్యాపారం చేశారు. వాళ్ళ మొనదేలిన సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. గోస్తనీ సముద్రంలో కలిసేచోట పడవలు, వలలు, చేపలమ్మే ఆడవాళ్ళు. మా అత్తగారు నెత్తళ్ళు బేరమాడితే చూడాలి. "ఏటమ్మా, నిన్నటివా?" అని మొదలెడతారు, అవతలావిడ "నీళ్ళోంచి ఇప్పుడే వచ్చాయి, నువ్వే లేటొచ్చావు" అని తిప్పికొడుతుంది. ఆ పూట మాకు ధర తగ్గలేదు గానీ, గుప్పెడు ఎక్కువ పడింది.

నెత్తళ్ళని కత్తితో పనిలేకుండా వేళ్ళతోనే బాగుచెయ్యొచ్చు, పిల్లలకి ఇవ్వదగ్గ పని. తల గిల్లితే దాంతోపాటే పొట్టలోదీ వచ్చేస్తుంది. నేను చింతపండు నానబెట్టబోతే అత్తగారు అడ్డుపడి పుల్లమామిడికాయ తరిగారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కారం, మామిడి ముక్కలు ఉడికాక చేపలు జారవిడిచి, గరిట పెట్టకుండా దాకనే అటూ ఇటూ తిప్పారు. పులుసు మర్నాటికే అసలు రుచి అని ఆవిడ వాదన. మా ఇంట్లో దాన్ని రుజువు చేసే అవకాశం ఆవిడకి ఇంతవరకూ రాలేదు.