ఏమీ కాదు

రొటిస్సరీ అనే మాట వంటింటిది. మాంసాన్ని ఇనప ఊచకి గుచ్చి, నిప్పుల ముందు తిప్పుతూ కాల్చే సాధనానికి ఫ్రెంచి నుంచి వచ్చిన పేరు. పాత కార్లని బాగుచేసేవాళ్లు ఆ మాటని షెడ్డులోకి తెచ్చుకున్నారు. ముందొక స్టాండు, వెనకొక స్టాండు పెట్టి, వాటి మధ్య కారు బాడీని బిగించి తిప్పుతారు. పక్కకి వాల్చొచ్చు, పూర్తిగా తలకిందులు చెయ్యొచ్చు. వంటింటి మాట మగవాళ్ల పనిలోకి రాగానే దానికి ఇంజనీరింగ్ గౌరవం వచ్చేస్తుంది. పొయ్యి దగ్గర కూర్చుని ఊచ తిప్పిన మనిషికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు.

మా ఇంటి కారు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100కి మన దేశపు రూపం. 1970లలో కంపెనీ ఆ కారుకి చిత్తోడ్ రాణి పేరు పెట్టింది. అల్లావుద్దీన్ ఖిల్జీ చిత్తోడ్ కోటని పట్టుకున్నది 1303లో. మాలిక్ ముహమ్మద్ జాయసీ ఆ రాణి కథని అవధీలో కావ్యంగా రాసింది 1540లో. మధ్యలో 237 ఏళ్లు. ఆ కావ్యం చివర పద్మావతి, సవతి నాగమతితో కలిసి భర్త చితి ఎక్కుతుంది. నిప్పుల్లోకి వెళ్లిన స్త్రీ పేరున్న కారుని, నిప్పుల మీద తిప్పే సాధనం పేరున్న యంత్రానికి ఎక్కించడం! సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని కనక ఈ మాటల దగ్గర కాసేపు ఆగకుండా ఉండలేకపోయాను.

కానీ మాటల దగ్గరే ఆగిపోతే మనుషులు చచ్చిపోతారు. ఇంజను, గేరుబాక్సు, సీట్లు, అద్దాలు అన్నీ తీసేశాక మిగిలిన బాడీ కూడా వందల కిలోల ఇనుము. అది గాల్లో తిరుగుతుంది. దాని కింద మనిషి పనిచేస్తాడు.

నాన్న పోయాక కారుని పాతసామాన్ల వాళ్లకి ఇచ్చేద్దామన్నారు అందరూ. అమ్మ వద్దంది. బాగుచేయించమంది. ఆ పని నా మీద పడింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు కుదిరింది. తోడుగా మా తమ్ముడు వచ్చేవాడు. నేను అడిగిన ప్రశ్నకి మేస్త్రీ జవాబు వాడికి చెప్పేవాడు. వాడు బ్యాంకు ఉద్యోగి, జాకీ ఎక్కడ పెట్టాలో కూడా వాడికి తెలీదు. అయినా బుద్ధిగా తలూపేవాడు. నేను మాత్రం చదవడం వచ్చినదాన్ని కాబట్టి ఈ పని గురించి దొరికినదల్లా చదివాను, నోట్సు రాసుకున్నాను.

పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిపి వెల్డు చేసిన బాడీయే మొత్తం బరువు మోస్తుంది. అందుకని దాన్ని రెండు చివర్లా పట్టుకుని ఎత్తితే, తుప్పు తిన్న నడుము దగ్గర వంగిపోయే ప్రమాదం ఉంది. ఎత్తకముందే తలుపుల చుట్టూ ఉండే సందులు కొలిచి రాసుకోవాలి. తలుపులు తీశాక ఆ ఖాళీల్లో ఇనప గొట్టాలు అడ్డంగా, ఐమూలగా బిగించాలి. పెట్రోలు ట్యాంకు ముందే ఖాళీ చేసి, విప్పి, దూరంగా పెట్టాలి. స్టాండ్లని బంపర్లు బిగించే గట్టి చోట్ల బోల్టులతో పట్టించాలి. అక్కడే తుప్పు ఉంటే ముందు దాన్ని బాగుచేసుకున్నాకే మిగతా పని. రెండు స్టాండ్లనీ కలుపుతూ కింద ఒక కమ్మీ ఉండాలి, లేకపోతే అవి చెరోవైపుకి జరిగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం తూకం. తిరిగే ఇరుసు బాడీ బరువు మధ్యగా పోవాలి, లేదా ఒక పిసరు పైనుంచి. ఇరుసు మరీ కిందుగా ఉంటే పైబరువు ఎక్కువై బాడీ తనంతట తానే గిర్రున తిరగబడుతుంది. అప్పుడు ఎవరి బలమూ ఆపలేదు. అందుకే మొదటిసారి కొద్దికొద్దిగా తిప్పి చూసుకోవాలి. కావలసిన చోట ఆగాక, కదలకుండా ఇనప పిన్ను దోపాలి. కింద రేకు కోసి తీసినప్పుడల్లా బరువు మారుతుంది, తూకం మళ్లీ చూడాలి.

స్టాండ్లు తయారయ్యాయి. పిన్ను లేదు. చెక్కముక్క అడ్డం పెట్టి తిప్పుతామన్నాడు మేస్త్రీ. కిందకి దూరి తుప్పు గీకేది పద్దెనిమిదేళ్ల కుర్రాడు.

"మేం ఇలాగే చేస్తాం మేడమ్. ఏమీ కాదు."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! నొప్పిగా ఉందంటే ఏమీ కాదు. భయంగా ఉందంటే ఏమీ కాదు. ఆ మాట అనేవాడెప్పుడూ దాని కింద పడుకునేవాడు కాడు. పిన్ను పెట్టేదాకా బాడీ ఎక్కించడానికి వీల్లేదన్నాను. మేస్త్రీ మా తమ్ముడి వైపు చూశాడు. వాడు నా వైపు చూశాడు. రెండు రోజులు పని ఆగింది. మూడోరోజు పిన్ను వచ్చింది.

బాడీని మొదటిసారి పక్కకి వాల్చినరోజు అమ్మని తీసుకెళ్లాను. పైనుంచి చూసినప్పుడు ఎప్పుడో పూసిన తారు పొర వల్ల నేల గట్టిగానే కనిపించింది. అడుగునుంచి చూస్తే డ్రైవరు వైపు నేల బాగానే ఉంది. ఎడమవైపు, ముందు సీటు కాళ్ల దగ్గర, రేకు అప్పడంలా పొరలు లేచింది. కుర్రాడు స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే లోపలికి దిగిపోయింది. ముందు అద్దం రబ్బరు ఎండి పగిలిందట. అక్కడినుంచి కారిన వాననీళ్లు ఎడమవైపు మ్యాటు కింద చేరి, ఏళ్లతరబడి నిలిచాయట.

అది అమ్మ సీటు. పదిహేనేళ్లు వానాకాలంలో ఆ సీట్లో కూర్చున్నప్పుడల్లా "కాళ్ల కింద నీళ్లొస్తున్నాయండీ" అనేది. "ఏమీ కాదు, నీ చెప్పుల తడే" అనేవారు నాన్న. ఆయన చెడ్డవారు కాదు, ఆయన కాళ్లు పొడిగా ఉండేవి, అంతే. అమ్మ చీర కుచ్చిళ్లు పైకి లాక్కుని, కింద గోనెపట్టా పరుచుకుని కూర్చునేది. ఆ సీట్లోంచి ఒకే ఒక సాక్షి చెప్పిన సాక్ష్యం అది. మా ఇంట్లో అది సణుగుడు కింద జమపడింది.

అమ్మ ఆ చిల్లుల్ని చాలాసేపు చూసింది. "నేను చెప్పాగా" అంది. ఆ మాట వినాల్సిన మనిషి లేడు.

మనం పుస్తకాల్లో అణచివేత గురించి చాలా రాశాం. ఆధారాలు ఎక్కడున్నాయని అడిగేవాళ్లకి ఏం చూపించాలో తెలీక తికమకపడ్డాం కూడా. కొన్ని ఆధారాలు అడుగున ఉంటాయి. మొత్తం ఎత్తి తిప్పితే తప్ప కనపడవు. తిప్పడం కూడా జాగ్రత్తగా జరగాలి. లేకపోతే దెబ్బ తగిలేది మళ్లీ కింద ఉన్నవాళ్లకే.

ఇప్పుడు ఆ షెడ్డులో ఒక నియమం ఉంది. పిన్ను దోపేది మేస్త్రీ కాదు, కిందకి దూరే కుర్రాడే. తన చేత్తో దోపి, బాడీని ఒకసారి ఊపి చూసుకుని, అప్పుడు వెళ్తాడు. అమ్మకి ఆ పదిహేనేళ్లూ అలాంటి పిన్ను ఏదీ చేతికి రాలేదు.