పది కిలోమీటర్ల యాత్ర

బెత్లెహేము నుండి బైతుల్ మఖ్దిస్‌కు, అంటే జెరూసలేముకు, దూరం పది కిలోమీటర్లే. అయినా హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) జన్మించిన ఊరిగా ప్రసిద్ధమైన ఆ బెత్లెహేము క్రైస్తవులు ఈస్టర్ పండుగకు ఆ పవిత్ర నగరం చేరాలంటే సాధారణంగా ఇజ్రాయెల్ అధికారుల అనుమతి పత్రం ఉండాలి. ఒకే ఇంట్లో తల్లికి పత్రం వస్తుంది, కొడుకుకు రాదు. ఒంటరిగా ఆమె పండుగకు ఎలా బయలుదేరగలదు? సముద్రాలు దాటి వచ్చే యాత్రికులకు ఈ చిక్కు లేదు. 2002లో మొదలైన గోడను, తనిఖీ కేంద్రపు ఇనుప కడ్డీల వరుసను దాటినవారికి పాతనగరంలో మళ్ళీ పోలీసు అడ్డుకట్టలు.

వారు చేరదలచిన పునరుత్థాన చర్చి తాళంచెవి శతాబ్దాలుగా జౌదా అనే ముస్లిం కుటుంబం వద్ద ఉంది. తలుపు తెరిచేది నుసైబా కుటుంబం, వారూ ముస్లిములే. హజ్రత్ ఉమర్ (రజి) ఆ చర్చిలో నమాజు చేస్తే ముస్లిములు దాన్ని మస్జిదుగా మార్చుకుంటారేమోనని తలచి, వెలుపలే నమాజు చేశారని చెబుతారు. తలుపు విషయంలో ఇన్ని తరాలుగా నిలిచిన నమ్మకం దారి విషయంలో కరవైంది.

పండుగ ముందు శనివారం చర్చిలో వెలిగించిన జ్యోతిని లాంతర్లలో బెత్లెహేముకు తీసుకువస్తారు. అనుమతి రానివారు ఊరి వీధుల్లోనే దానికి ఎదురేగుతారు.