మామిడి వాసన లేని ప్రయాణము

జూన్ మాసంలో తిరుపతి నుండి చిత్తూరుకు బస్సులో వెళ్లినవారికి ఆ దారిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. చంద్రగిరి దాటి పూతలపట్టు సమీపించేసరికి, తోతాపురి కాయలతో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే ట్రాక్టర్లు కనిపిస్తాయి. కిటికీ తెరిస్తే చాలు, బస్సంతా మామిడి వాసనే.

రెండేండ్ల క్రితం ట్రాక్టర్లు కనిపించాయి గాని వాసన రాలేదు. అంతకు ముందు నెలలో నాకు సైనస్ ఇన్ఫెక్షన్ వచ్చింది. జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పుట్టింట్లో అమ్మ వేడి సంగటి, ఊరిబిండి వడ్డించింది. ఉప్పు, పులుపు తెలిశాయి, కారం మండింది, అంతే. "బాగలేదా అమ్మా?" అని అడిగితే ఏమి చెప్పాలో తోచక తల వంచుకున్నాను.

మరునాడు ఉదయం పొయ్యికి వెనుదిరిగి కూర తరుగుతున్నాను. అమ్మ వాకిట్లో నుండి పరుగున వచ్చి గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచింది. పాలు పొంగి మంట ఆరిపోయిందట! వంట గ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. లీకైతే తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. ఆ హెచ్చరిక నాకు అందనే లేదు.

ఆ భయంతోనే డాక్టరుగారి వద్దకు వెళ్లాను. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు పులుసులో ఉండే కమ్మదనము మాత్రమేననీ, మనము రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం ముక్కు పని అనీ ఆయన వివరించారు. వాపు వల్ల వాసన లోపలికి చేరకపోవచ్చు, లేక వాసన పట్టే కణాలు దెబ్బతినవచ్చు. అవి మళ్లీ పెరగగలవు గాని నెలలు పడుతుంది. ముక్కులో కండ ఏదీ పెరగలేదని చూసి, మందుతో పాటు ఒక సాధన చెప్పారు. జర్మనీలో థామస్ హమ్మెల్ అనే డాక్టరు 2009లో ప్రచురించిన పద్ధతి అది: గులాబి, నీలగిరి తైలము, నిమ్మ, లవంగము వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలు శ్రద్ధగా పీల్చాలి.

రెండు నెలలు ఏమీ తెలియలేదు. తరువాత కాఫీ మాడినట్లు తోచింది. కోలుకునేటప్పుడు అలా జరుగుతుందన్నారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎందరో ఈ బాధ పడ్డారు గనుక, నేను ఒంటరిని కానని ధైర్యం తెచ్చుకున్నాను.

ప్రియ పాఠకులారా, జలుబు తగ్గి కొన్ని వారాలైనా వాసన రాకపోతే, "అదే వస్తుందిలే" అని ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి. అంతవరకు గ్యాసును, పాలను, సద్ది కూరను ఇంట్లో మరొకరిని చూడమనండి.

మొన్న జూన్‌లో మళ్లీ ఆ బస్సెక్కాను. పూతలపట్టు దగ్గర కిటికీలో నుండి సన్నగా మామిడి వాసన సోకింది. మునుపటంత లేదు. అయినా ఇల్లు చేరగానే అమ్మతో, "ఊరిబిండి కొంచెం ఎక్కువే వేయి" అన్నాను.