ఫారం మనది, ఓటీపీ ఎవరికి?

అక్కలూ, చెల్లెళ్ళూ! కువైట్‌లో మన జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా, ఈ ఫారాల గోల మనకెందుకు అనుకుంటాం. కానీ ఊళ్ళో బ్యాంకులో మన పేరున ఎన్ఆర్ఓ డిపాజిట్ ఉంటే గోల ఉన్నట్టే. ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి మనలాంటి వాళ్ళకి అక్కడ పన్ను లేదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద మాత్రం మొదటి రూపాయి నుంచే టీడీఎస్ పట్టుకుంటారు. మామూలుగా 30 శాతం, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు, కలిపి 31.2 శాతం. దానికి రుజువే టీడీఎస్ సర్టిఫికెట్, 2023-24లో దాని పేరు ఫారం 16ఏ. మూడు నెలలకోసారి వస్తుంది. చాలా బ్యాంకులు తాళం వేసిన పీడీఎఫ్‌గా మెయిల్‌కి పంపుతాయి.

మెయిల్‌కి సరే, ఎవరి మెయిల్‌కి?

జాబ్రియాలో నాతో ఉండే అక్కది రాజంపేట వైపు. నాలాగే నర్సు. 2023-24లో ఆమె డిపాజిట్‌కి 80 వేలు వడ్డీ వచ్చింది. అందులో 24,960 రూపాయలు టీడీఎస్ కింద పోయాయి. ఆ సంగతే ఆమెకి తెలీదు. ఖాతాలో ఉన్నది తమ్ముడి ఈమెయిల్, తమ్ముడి ఫోన్ నంబరు. ఆ అబ్బాయి మంచివాడే, కానీ ఆ మెయిల్ తెరవడం ఎప్పుడో మానేశాడు. అక్కకి ఇండియాలో వేరే ఆదాయం లేదు. అంటే రిటర్న్ వేస్తే ఆ డబ్బంతా వెనక్కి వస్తుంది. వేయకపోతే అడిగేవాళ్ళే లేరు. కూతురి కాలేజీ ఫీజుకి లెక్కలు చూసుకుంటుంటే బయటపడింది కాబట్టి సరిపోయింది. జులై 31 లోపల రిటర్న్ వేసింది, రిఫండ్ వచ్చింది.

అప్పుడే ఇంకో సంగతి గమనించాం. ఆడిటర్‌కి పంపమని పాన్ కార్డు, ఆధార్, పాస్‌పోర్టు ఫొటోలు అంతకుముందే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసి ఉన్నాయి. అందులో ఏముందిలే అనుకోకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ ఏఐఎస్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఏంటో తెలుసా? చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, దాని పక్కనే పుట్టిన తేదీ. అప్పటి ఫారం 26ఏఎస్‌కైతే పుట్టిన తేదీ ఒక్కటే. అంటే తాళంచెవి గ్రూపులో వేలాడుతోంది! ఆ కాగితాల్లో మన వడ్డీ, మన పన్ను, అన్నీ ఉంటాయి.

డ్యూటీలో ఒక పేషెంట్ రిపోర్టు ఇంకొకరి చేతిలో పెడతామా? పేరు, సివిల్ ఐడీ చూసుకునే ఇస్తాం. మన కాగితానికీ అంత మర్యాద ఉండాలి కదా.

అందుకే మేమిద్దరం ఇప్పుడు ఇలా చేస్తున్నాం. బ్యాంకులోనూ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోనూ మా సొంత మెయిల్, మా సొంత నంబరు పెట్టుకున్నాం. ఆడిటర్‌కి ఫారం పంపాలంటే గ్రూపులో కాదు, నేరుగా ఆయన మెయిల్‌కే. పాన్, పుట్టిన తేదీతో సంబంధం లేని కొత్త పాస్‌వర్డ్ పెట్టి పంపుతాం. ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాయం, ఫోన్ చేసి చెబుతాం. ఆధార్ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, ఒప్పుకునే చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తాం. జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో మా మెయిల్ తెరవం. “మీకు రిఫండ్ వచ్చింది, ఇక్కడ నొక్కండి” అని మెసేజ్ వస్తే నొక్కం. పోర్టల్‌లోకి మేమే వెళ్ళి చూసుకుంటాం. ఓటీపీ మాత్రం అన్న అడిగినా, ఆడిటర్ అడిగినా చెప్పం.

“ఇంట్లో వాళ్ళ మీద నమ్మకం లేదా?” అని అడుగుతారు. అక్కనీ అడిగారు. ఆమె ఒకటే మాట అంది: “నమ్మకం ఉంది తమ్ముడూ. కానీ రాత్రి డ్యూటీలు చేసింది నేను, నా కాగితం ముందు నేను చూడాలి కదా.” తమ్ముడు నవ్వి, ఆ రోజే ఓటీపీ చెప్పి మెయిల్ మార్పించాడు.

ఈ శుక్రవారం వంట అయ్యాక ఒక్క పని చేయండి. మీ ఖాతాలో ఎవరి మెయిల్ ఉందో చూడండి. మీది కాకపోతే మార్పించుకోండి. ఇంట్లో వాళ్ళకీ ఈ ముక్క చదివి వినిపించండి.