జాజికాయల గిడ్డంగి

పిల్లలూ, మీ ఇంట్లో జాజికాయ ఉంటే అమ్మనడిగి ఒకసారి వాసన చూడండి. గోలీకాయ కంటె కాస్త పెద్దదైన ఈ గింజ కోసం ఒకప్పుడు యుద్ధాలే జరిగాయి!

ఇండొనీసియాలోని జకార్తా నగరంలో, పాత రేవు దగ్గర, తెల్లని గోడలూ ఎర్రని పెంకుల కప్పులూ గల పొడవాటి మేడలున్నాయి. అవి డచ్చివారి ఈస్టిండియా కంపెనీ గిడ్డంగులు. ఆ కంపెనీ 1602లో ఏర్పడింది. 1619లో జయకర్త అనే పట్టణాన్ని పట్టుకుని, నాశనం చేసి, అక్కడే బటేవియా అనే కొత్త ఊరు కట్టింది. అదే నేటి జకార్తా.

గిడ్డంగుల పని 1652లో మొదలై, విడతలు విడతలుగా చాలా ఏళ్ళు సాగింది. కొన్ని ద్వారాల పైన 1718, 1719, 1771 అనే అంకెలు కనిపిస్తాయి. అవి మొదట కట్టిన సంవత్సరాలనుకునేరు! మరమ్మతు చేసినవీ, పెంచినవీ. పాత కట్టడం మీద అంకె కనబడగానే లెక్క తేల్చెయ్యకూడదని బళ్ళో ఎన్నిసార్లు చెప్పానో!

లోపల మిరియాలూ, జాజికాయలూ, తరవాతి కాలంలో కాఫీ, తేయాకు, బట్టలూ నిలవచేసేవారు. బట్టలంటే మన సంగతి కూడా వస్తుంది. సుగంధద్రవ్యాలు పండే దీవులవారు మన దేశపు నూలుబట్టలను ఎంతో ఇష్టపడి తీసుకునేవారు. అందుకే డచ్చివారు 1605లో మన బందరుకు వచ్చారు. తరవాత పాలకొల్లులోనూ వర్తకం పెట్టారు. మన నేతగాళ్ళు నేసిన బట్ట ఓడ ఎక్కి వెళ్ళి, అక్కడ మిరియాలుగానూ లవంగాలుగానూ మారేదన్నమాట.

అయితే జాజికాయ కథలో సంతోషం లేదు. ఆ రోజుల్లో అది బాండా దీవులలో తప్ప మరెక్కడా పండేది కాదు. పంటంతా తమకే అమ్మాలని డచ్చివారు పట్టుబట్టారు. దీవులవారు ఇతరులకూ అమ్ముతూ వచ్చారు. 1621లో గవర్నరు జనరల్ కోయెన్ సేనతో వచ్చిపడ్డాడు. సుమారు 15,000 మంది ఉండే ఆ దీవులలో మిగిలినవారు వెయ్యి మంది మాత్రమే. కొందరు పారిపోయారు, కొందరిని బానిసలుగా బటేవియాకు తెచ్చారు, తక్కినవారు కత్తికో ఆకలికో బలి అయ్యారు. తరవాత ఆ తోటలలో బానిసల చేత పని చేయించారు. ఈ గిడ్డంగులలో నిండింది ఆ జాజికాయే.

అంత కంపెనీ కూడా అప్పులలో మునిగి 1799 ఆఖరున మూతపడింది. 1977లో ఈ గిడ్డంగులు సముద్రయాన ప్రదర్శనశాల అయ్యాయి. 2018 జనవరిలో మంట పుట్టి ఒక భాగం కాలిపోగా, బాగుచేశారు. ఎప్పుడైనా మీరు వెడితే, గోడకున్న పెద్ద ఇనప కొక్కేలను వెతకండి. బయట పేర్చిన రాగీ తగరమూ వానకు తడవకుండా కొయ్య వసారాను నిలబెట్టినవి అవే.