పాట మందయ్యేది ఎప్పుడు?

రెండేళ్ళ క్రితం సంక్రాంతికి మా తమ్ముని కూతురు కుటుంబంతో మా ఇంటికి వచ్చింది. ఆమె కుమారుడు హైదరాబాదు హాస్టలులో ఉండి ఇంజినీరింగు రెండవ సంవత్సరం చదువుతున్నాడు. పండుగ మూడు రోజులూ ఆ అబ్బాయి చెవులలోంచి ఇయర్‌ఫోన్లు తీయలేదు. "పెద్దనాన్నా, వీడు సరిగా తినడు. రాత్రి రెండయినా నిద్రపోడు. ఎప్పుడూ ఆ పాటలే. మార్కులు కూడా తగ్గాయి" అని తల్లి వాపోయింది.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో రోగులను చూసిన నేను ఆ రోజు వైద్యునిగా కాక తాతగా మాట్లాడాను. "సంగీతాన్ని మించిన మందేముందమ్మా! వినేదేదో మంచిది విననీ" అని చెప్పి, నా దగ్గరున్న వీణ, వేణువు కచేరీలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనితో తెల్లవారిన బాల్యం నాది. నాకు మేలు చేసినది వాడికీ చేస్తుందనుకున్నాను.

ఉగాదికి వాడు మళ్ళీ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. సాయంత్రం మేడ మీద ఇద్దరమే ఉన్నప్పుడు, నేనిచ్చినవి విన్నావా అని అడిగాను.

"విన్నాను తాతయ్యా, మీరిచ్చారని. కానీ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు నాకు ఏ పాట విన్నా ఏమీ అనిపించడంలేదు."

"మరి రాత్రంతా వింటున్నదేమిటి?"

"ఒకటే పాట. అదే మళ్ళీ మళ్ళీ."

"విన్నాక మనసు తేలికపడుతుందా?"

"లేదు. విన్నకొద్దీ అవే ఆలోచనలు తిరుగుతుంటాయి."

అప్పుడు నాలోని వైద్యుడు మేలుకొన్నాడు. ఒకప్పుడు ప్రాణంగా ప్రేమించిన వాటిమీద ఆసక్తి చచ్చిపోవడం కుంగుబాటుకు ప్రధాన లక్షణాలలో ఒకటి. దిగులు గానీ, ఈ నిరాసక్తత గానీ రోజులో ఎక్కువ భాగం, కనీసం రెండు వారాలపాటు ఉండి, దానికి నిద్రలేమి, ఆకలి మందగించడం, ఏకాగ్రత లోపించడం, తాను ఎందుకూ పనికిరాననే భావన వంటివి తోడైతే అది వ్యాధి. సోమరితనం కాదు, పొగరు కాదు. ఈ లక్షణాలలో సగం సంక్రాంతినాడే తల్లి నా చెవిన వేసింది. నేను వాటికి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపాను.

చివరి ప్రశ్న కూడా అడిగాను. "చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా నాన్నా?" వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తల ఊపాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అది అపోహ. అడిగితే పిల్లల బరువు కొంత దిగుతుంది. ఆ రాత్రి వాడిని ఒంటరిగా ఉంచలేదు. మరునాడు ఉదయమే మానసిక వైద్యుని వద్దకు తీసుకుపోయాము.

ఇంతకీ సంగీతానికి శక్తి లేదా? ఉన్నది. 2001లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోరే, ఇష్టమైన సంగీతానికి ఒళ్ళు పులకరించే క్షణాన మెదడులో ఏమి జరుగుతుందో పెట్ స్కాను ద్వారా గమనించారు. రుచికరమైన భోజనం వంటి సుఖాలకు స్పందించే కేంద్రాలే అప్పుడూ చురుకెక్కాయి. 2011లో అదే విశ్వవిద్యాలయంలో, ఆ సమయాన అక్కడ డోపమిన్ విడుదలవుతున్నదని కూడా చూపారు. అయితే ఆ పరీక్షలు జరిగినది ఆరోగ్యవంతులపై, అందులోనూ సంగీతానికి పులకరించే స్వభావమున్నవారిపై. కుంగుబాటులో ఈ సుఖకేంద్రాల స్పందనే మందగించవచ్చు. భయానికీ దుఃఖానికీ ఉలిక్కిపడే అమిగ్డాలాను అదుపు చేయవలసిన ప్రీఫ్రాంటల్ భాగం పట్టు కూడా సడలవచ్చు. అటువంటి మెదడుకు వీణానాదం వినిపించడమంటే, జ్వరంతో నోరు చేదెక్కినవానికి పాయసం వడ్డించడమే. తప్పు పాయసానిదీ కాదు, తినేవానిదీ కాదు.

పాటను మనసు ఎలా వాడుకుంటున్నదనేది మరొక ముఖ్యాంశం. విషాదగీతం విని, ఏడ్చి, తేలికపడేవారున్నారు. అదే పాటతో గాయాన్ని కెలుకుకొనేవారూ ఉన్నారు. 2015లో ఫిన్లాండ్‌లో జరిగిన ఒక అధ్యయనంలో, కోపతాపాలను వెళ్ళగక్కడానికే పాటలు వినే అలవాటున్న పురుషులలో ప్రీఫ్రాంటల్ మధ్యభాగపు స్పందన తక్కువగా కనిపించింది. అలవాటు వల్ల మెదడు అలా మారిందా, మెదడు తీరు వల్ల అలవాటు వచ్చిందా అన్నది ఆ అధ్యయనంతో తేలదు. కనుక పాటను దోషిగా నిలబెట్టి ఫోను లాక్కోవడం వైద్యం కాదు.

సంగీత చికిత్స అంటే పాటలు వినమని చెప్పి ఊరుకోవడం కూడా కాదు. 2011లో ఫిన్లాండ్‌లోనే కుంగుబాటుతో ఉన్న 79 మందిపై జరిగిన అధ్యయనంలో కొందరికి సాధారణ చికిత్సతోపాటు 20 విడతల సంగీత చికిత్స కూడా ఇచ్చారు. వారు శిక్షణ పొందిన చికిత్సకునితో కలిసి వాద్యాలు తామే వాయించారు, వాయించినదాని గురించి మాట్లాడుకున్నారు. మూడు నెలలకు వారిలో మెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఆరు నెలలకు ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. 2017లో వెలువడిన కోక్రేన్ సమీక్ష 421 మందితో కూడిన 9 అధ్యయనాలను పరిశీలించి, మామూలు చికిత్సకు సంగీత చికిత్స తోడైతే కొద్ది కాలానికి మేలు ఉన్నదని తేల్చింది. ఇక్కడ "తోడైతే" అన్న మాటను గుర్తుంచుకోవాలి. రోగానికొక రాగం చొప్పున వాట్సాప్‌లో తిరిగే పట్టికలకు ఇటువంటి ఆధారం లేదు.

మా అబ్బాయికి మందులు, కౌన్సెలింగు కొన్ని నెలలు సాగాయి. మధ్యలో ఒకసారి మందులు మానేశాడు, మళ్ళీ కుంగాడు, మళ్ళీ మొదలుపెట్టాము. దసరా నాటికి నిద్ర కుదిరింది. హాస్టలు మిత్రులతో కలిసి కీబోర్డు వాయించడం ప్రారంభించాడు. ఒకనాడు ఫోనులో, "తాతయ్యా, మీ పెన్‌డ్రైవ్‌లో ఆ వేణువు బాగుంది" అన్నాడు. సంక్రాంతినాడు ఇచ్చినది అప్పటికి చేరింది. ఇదంతా వాడి అనుమతితోనే, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పిల్లలు ఏ పాట వింటున్నారని నిలదీయకండి. పక్కన కూర్చొని, విన్నాక ఎలా ఉంటున్నదని అడగండి. జవాబు మధ్యలో సలహా చెప్పకండి. దిగులు రెండు వారాలు దాటితే వైద్యుని సంప్రదించండి. చావు మాట వినిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వం వారి టెలి మానస్ సహాయవాణి 14416 రాత్రింబగళ్ళు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వైద్యం తెలిసిన నేనే సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆలస్యం చేశాను. మీరు చేయకండి.