దాదా తల్వార్, నా మియాన్

పార్సిల్ విప్పుతుంటే అబ్బా అడిగిన మొదటి మాట, "రసీద్ హై క్యా రే?"

ఎంత పెట్టి కొన్నావు, దేనికి కొన్నావు అని అడగలేదు. రసీదు ఉందా అని అడిగారు. ఉందన్నాను. "జాగ్రత్తగా పెట్టు. ఘర్ మే ఐసీ చీజ్ నక్కో రే, బేటా," అని లేచి నమాజ్‌కు వెళ్ళిపోయారు. ఆ పూట మళ్ళీ దాని వైపు చూడలేదు.

అబ్బాకు ఎనభై నాలుగేళ్ళు. 1948 సెప్టెంబరులో ఆయనకు ఏడేళ్ళు. ఆ నెల 13న సైన్యం హైదరాబాద్ రియాసత్‌లోకి వచ్చింది. 17కి అంతా ముగిసిందని కితాబులు చెబుతాయి. ఖౌఫ్ మాత్రం ఐదు రోజుల్లో ముగియలేదు. దాదా నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లెలో పిల్లలకు చదువు చెప్పేవారు. రజాకార్లతో ఆయనకే వాస్తా లేదు. కానీ ఇంట్లో గోడకు ఒక తల్వార్ వేలాడేది. దాదా అబ్బా ఒక జాగీర్దారు దగ్గర జవానుగా చేసినప్పటిది. దానితో ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఖాందాన్‌లో ఏ నికా జరిగినా దుల్హా నడుముకు కట్టేవారు, తర్వాత మళ్ళీ గోడకే.

ఇళ్ళు సోదా చేస్తున్నారని ఊళ్ళో పుకారు పుట్టిన రాత్రి దాదా, దాదీ దాన్ని దుప్పట్లో చుట్టి బావిలో పడేశారు. దుప్పటి విడిపోయింది. తల్వార్ మునిగింది, మియాన్ తేలింది. కట్టెతో చేసింది కదా. చీకట్లో ఎర్రగా నీళ్ళ మీద తేలుతూ ఉంటే దాదీ బొక్కెన వేసి పైకి లాగింది. విరిచి, కిరోసిన్ పోసి, పొయ్యిలో పెట్టింది. ఏడేళ్ళ అబ్బా పొయ్యి పక్కనే ఉన్నారు. తడిసిన మఖ్మల్ కాలిన వాసన ఇప్పటికీ యాద్ ఉందంటారు.

ఈ కిస్సా చిన్నప్పటి నుంచి విన్నదే. పోయిన ఏడు మా ఆపా కొడుక్కి నికా కుదిరినప్పుడు నాకో ఆలోచన వచ్చింది. బావిలో పోయిన తల్వార్ తిరిగి రాదు, అలాంటిదొకటి చేయించి దుల్హా చేతికిస్తే? మొద్దు అంచు ఉన్న నకలు తల్వార్లు దొరుకుతున్నాయి. ముప్పై అంగుళాల అలుగు, కిలో పైచిలుకు బరువు. ఆర్డరు పెట్టేశాను.

కొనే ముందు భయపడలేదని చెబితే అది ఝూట్. ఇరవై ఏళ్ళుగా పత్రికలో పనిచేస్తున్నాను. "ఇంట్లో మారణాయుధాలు స్వాధీనం" అన్న వార్తలు ఎన్ని దిద్దానో లెక్క లేదు. ఇంటిపేరు బదులు మొదట్లో షేకో, సయ్యదో ఉంటే ఆ వార్త ఎంత పెద్దదవుతుందో కూడా చూశాను. అందుకే 1959 ఆయుధాల చట్టాన్ని, దాని కింది రూల్సును కూర్చుని చదివాను. పదునైన ఆయుధమై, అలుగు 9 అంగుళాల పొడుగు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితే అది లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన చోట లైసెన్సు కావాలి. నాది పదును లేనిది. తెలిసిన వకీలును కూడా అడిగాను. "ఎప్పుడూ సాన పెట్టించకు, బజార్లో తిప్పకు" అన్నాడు. రెండూ నాకు కబూలే.

వచ్చిన సరుకు మాత్రం నిరాశపరిచింది. అలుగు స్టీలు పళ్ళెంలా తళతళ మెరుస్తోంది. ఊపితే పిడిలో కటకటమని చప్పుడు. దానితో వచ్చిన మియాన్ పలుచని రేకు మీద రెగ్జిన్ అతికించింది. ఇది దాదా తల్వార్ కాదు, నాటకాల సామాను. సరిచేయాలనుకున్నాను.

ముందు పిడి. ఉర్దూలో తల్వార్ పిడిని కబ్జా అంటారు. మా పత్రికలో ఆ మాట భూముల వార్తలకే వాడతాం. పాతకాలం తల్వార్లలో కబ్జా లోపల బోలుగా ఉండేది. అందులో కరిగించిన లక్క నింపి, వేడి చేసిన అలుగు తోకను గుచ్చి, చల్లారనిచ్చేవారు. బోల్టూ లేదు, మేకూ లేదు, అంతా లక్క పట్టే. నా దాంట్లో ఏదో ప్లాస్టిక్ జిగురు పోశారు. కబ్జాను పొయ్యి మీద వేడి చేసి అలుగు ఊడదీశాను. లక్క కోసం లాడ్ బజార్‌లో గాజులు చేసే ఒక ఖాలా దగ్గరికి వెళ్ళాను. దేనికని అడిగితే చెప్పాను. నవ్వి, "చేతికి వేసేదైనా చేత్తో పట్టేదైనా లాఖ్ ఒకటే కదా, బేటా" అని ఒక ముద్ద ఇచ్చింది. మెత్తగా దంచిన ఇటుక పొడి కలిపి కరిగించి పోశాను. మొదటిసారి అలుగు వంకరగా కూర్చుంది. లక్కలో ఉన్న మేలు ఏమిటంటే తప్పు చేస్తే మళ్ళీ వేడి చేసుకోవచ్చు. రెండోసారి నిటారుగా కుదిరింది. చప్పుడు పోయింది.

ఆ మెరుపు పోగొట్టడానికి సన్నటి ఎమరీ కాగితంతో ఒకే దిశలో రుద్ది, గోరువెచ్చటి సిర్కా పట్టించాను. ఇనుము బూడిద రంగుకు దిగింది. కానీ జౌహర్ రాదు. నిజమైన ఫౌలాద్ మీద నీటి అలల్లా కనిపించే చారల్ని జౌహర్ అంటారు. ఆ చారలు పైన గీసినవి కావు, మూసలో కరిగించిన ఉక్కు లోపలి నుంచే వస్తాయి. అలాంటి ఉక్కు మా జిల్లాలోనే, కోనసముద్రంలో తయారయ్యేది. అక్కడి పనిని హెన్రీ వాయ్సీ అనే దొర చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి ఇరానీ తాజిర్లు అంత దూరం వచ్చి ఆ ఉక్కు ముద్దలు కొనుక్కుపోయేవారు. మన కమ్మరి కాచిన ఉక్కు పరదేశంలో ఫౌలాద్ అయింది. మా దాదా తల్వార్ ఆ ఉక్కో కాదో చెప్పడానికి అది ఇప్పుడు లేదు.

ఇక మియాన్. తల్వార్ కంటే అదే ఎక్కువ సతాయించింది. మొదట తెలివి తక్కువగా మోచీ దగ్గర నల్ల తోలు తెచ్చి, ఆరెతో రంధ్రాలు పొడిచి సంచిలా కుట్టేశాను. వర్షాకాలం. మూడు వారాలకు తీసి చూస్తే అలుగు నిండా తుప్పు చుక్కలు. తోలు తేమ పట్టుకుంటుంది, ఊనినప్పటి ఉప్పులు అందులో మిగిలి ఉంటాయి. అలుగు నేరుగా తోలును తాకకూడదు. అందుకే లోపల కట్టె పెట్టేవారని అప్పుడు అర్థమైంది.

అబ్బా కుర్చీలోంచి చూస్తున్నారు. అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. ఆ రోజు అన్నారు, "నల్లది కాదు. లాల్ థా. మఖ్మల్ కా."

నిర్మల్ నుంచి ఒక దోస్తు పొణికి కర్ర పంపాడు. అక్కడ బొమ్మలు చేసేది దానితోనే. తేలిక, ఉలికి వెన్నలా తెగుతుంది. రెండు పలకల మీద అలుగు పెట్టి గీత గీశాను. అలుగు మందంలో సగం ఒక పలకలో, సగం ఇంకో పలకలో తొలిచాను. రెండూ మూసి తల్వార్ దూర్చితే ఆరు అంగుళాలు పోయి ఆగిపోయింది. ఎందుకో రెండు రోజులు తెలియలేదు. అలుగు వంపు అంతటా ఒకలా ఉండదు. పిడి దగ్గర దాదాపు తిన్నగా ఉండి, మొన వైపు ఎక్కువ వంగుతుంది. వంగిన మొన మియాన్ మూతి దగ్గరి తిన్నటి దారి గుండా దాటాలి. అంటే గీసిన గీత కంటే దారి వెడల్పుగా ఉండాలి. అలుగుకు దీపపు మసి పూసి దూర్చడం, లోపల ఎక్కడ నల్లగా అంటిందో అక్కడ గీకడం, మళ్ళీ దూర్చడం. ఇలా ఎన్నిసార్లో.

పలకలు కదలకుండా పట్టుకునే మనిషి కావాలి. అబ్బా కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఆయన వేళ్ళు వణుకుతాయి, కానీ పట్టు గట్టిది. వారం రోజులు అసర్ తర్వాత ఇద్దరం అదే పని. అబ్బా మాట్లాడేవారు. బావి ఎక్కడుండేదో, దాదీ ఆ రాత్రి ఏడవలేదనీ, తెల్లారి అదే పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసిందనీ. గోడకు తల్వార్ తీసిన చోట తెల్లటి మచ్చ మిగిలితే, అదీ కనిపించకూడదని దాదా రాత్రికి రాత్రే సున్నం పూశారట. ఈ మాట నేను ఎప్పుడూ వినలేదు.

అంచుల వెంట పలుచగా ఫెవికాల్ రాసి, సైకిల్ ట్యూబ్ ముక్కలతో బిగించి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచాను. పైన ఎర్ర మఖ్మల్ చుట్టి వెనక అంచున కుట్టాను. ఒక ఇత్తడి ఉస్తాద్ మూతికి మొహ్నాల్, కొసకు తహ్నాల్ చేసి ఇచ్చాడు. అలుగుకు కుట్టు మిషను నూనె పట్టించి దూర్చాను. చివర్లో చిన్న చప్పుడుతో కూర్చుంది.

ఒక మియాన్‌లో రెండు తల్వార్లు ఇమడవని ఉర్దూ మీడియం బడిలో నేర్చుకున్నాను. అదే మాట ఒరలో కత్తులై డిగ్రీ తెలుగు క్లాసులో ఎదురైంది. రెండు భాషల్లోనూ జనం తల్వార్ గురించే ఆలోచించారు. ఒక తల్వార్‌ను ఒక మియాన్‌లో ఇమడ్చడమే ఎంత మెహనతో తొలిచినవాడికే తెలుస్తుంది.

అబ్బా దాన్ని ఒళ్ళో పెట్టుకుని మఖ్మల్ మీద చెయ్యి రాశారు. దగ్గరికి తీసుకుని వాసన చూశారు. తల్వార్ బయటికి తీయలేదు. "బారాత్‌లో నక్కో. ఇంట్లోనే దుల్హా చేతికి ఇద్దాం. ఫొటో తీసుకుని లోపల పెట్టేద్దాం," అన్నారు. అలాగే చేశాం. నా మేనల్లుడు షేర్వానీలో దాన్ని పట్టుకుని నిలబడితే, పక్కన అబ్బా. ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టొద్దన్నారు. పెట్టలేదు.

మర్నాడు పొద్దున అబ్బా నన్ను పిలిచి, నడుం పట్టీకి చిన్న సంచీ ఒకటి కుట్టమన్నారు. మిగిలిన ఎర్ర మఖ్మల్ ముక్కతో కుట్టి ఇచ్చాను. దేనికని అడగలేదు, నాకు తెలుసు. దిండు కింద నుంచి రసీదు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆయనే అందులో ఉంచారు.